ఒక బజారు, ఒక పత్రిక, రెండు లిపులు

ఒక నగర చరిత్రను తెలిసికొనగోరేవారికి పండితులు సాధారణంగా చూపించే ఆధారాలు మూడు: శాసనాలు, కట్టడాలు, రాజవంశావళులు. ఇవి అవసరమే. కాని నగరమంటే రాజు ఒక్కడే కాడు. ఉదయం దుకాణం తలుపు తెరిచే వర్తకుడు, బరువు మోసే హమాలీ, పండుగకు చీర కొనవచ్చిన ఇల్లాలు, గల్లాపెట్టె ప్రక్కన కూర్చుండి వార్తాపత్రికను బిగ్గరగా చదివే గుమాస్తా, వీరందరూ కలిస్తేనే నగరం. వీరి జీవితం శాసనాలకు ఎక్కదు. అది నిలిచి ఉండే తావులు రెండు. ఒకటి బజారు, రెండవది దినపత్రిక.

హైదరాబాదు విషయంలో ఒక చిక్కు ఉన్నది. ఇక్కడి బజారు చరిత్రగాని, పత్రికల చరిత్రగాని ఒక్క భాషలో లేదు. సగం ఉర్దూ లిపిలో, సగం తెలుగు లిపిలో ఉన్నది. ఆ రెండు సగాలను ఒకచోట చేర్చి చదువగలవారు నానాటికి తగ్గిపోతున్నారు. ఫలితంగా ఒక్కొక్క వర్గం తనకు తెలిసిన సగాన్నే పూర్తి చరిత్ర అని నమ్ముచున్నది. ఇది భాషాభిమానులకు మాత్రమే సంబంధించిన నష్టం కాదు, ఇరుగుపొరుగుల మధ్య అపనమ్మకానికి ఇదే విత్తనం అని మా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి ఆధారంగా ఒక బజారును, ఒక పత్రికను పాఠకుల ముందు ఉంచుతున్నాము. బజారు సుల్తాన్ బజారు. పత్రిక దాని పొరుగున కాచీగూడలో వెలువడి, తొమ్మిది నెలలు మాత్రమే బ్రతికిన 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రిక.

నేడు సుల్తాన్ బజారు నగరం నడిబొడ్డున ఉన్నది. కనుక అది ఒకప్పుడు ఊరి వెలుపలి బజారు అంటే యువతరం నమ్మకపోవచ్చును. అసఫ్ జాహీల కాలంలో నగరమనగా మూసీనదికి దక్షిణాన, ప్రాకారం లోపల, చార్మినారు చుట్టూ ఉన్న భాగమే. నదికి ఉత్తరాన తోటలు, ఖాళీ స్థలాలు, అక్కడక్కడ చిన్న పల్లెలు ఉండేవి. ఆ ఉత్తరపు ఒడ్డున బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కాలంలో, 1803లో, రెసిడెన్సీ భవన నిర్మాణం ప్రారంభమైనది. 'కోఠీ' అనగా పెద్ద మేడ. ఆ మేడ పేరే ఆ ప్రాంతానికంతటికీ నిలిచిపోయినది. 1949 నుండి అందులో మహిళా కళాశాల నడిచినది. 2022లో ఆ కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైనది.

మేడ ఉన్నచోట సిపాయిలు, గుమాస్తాలు, నౌకర్లు ఉంటారు. వారికి బియ్యం, బట్ట, దీపపు నూనె కావాలి. కనుక మేడ చుట్టూ బజారు పుట్టడం సహజం. ఐతే ఈ బజారు పెరగడానికి అంతకంటే బలమైన కారణం వేరొకటి ఉన్నది. రెసిడెన్సీ హద్దులలో నిజాం కొత్వాలు అధికారం చెల్లదు. అక్కడి పోలీసు, అక్కడి న్యాయస్థానం రెసిడెంటువి. అప్పులిచ్చే సాహుకారుకు ఇది గొప్ప ధీమా. నగరం లోపల ఒక ప్రభువుకు అప్పిచ్చినవాడు ఆ ప్రభువు మనుషుల కర్రలకు భయపడవలసి వచ్చేది. రెసిడెన్సీ హద్దులలో నివసించినచో ఆ భయం లేదు. అందుచేత మార్వాడీ, గుజరాతీ సాహుకార్లు ఈ బజారుకు తరలివచ్చారు. విలియం పామర్ అండ్ కంపెనీ అనే వడ్డీవ్యాపార సంస్థ ఈ ప్రాంతం నుండే నిజాం ప్రభుత్వానికి అధిక వడ్డీకి అప్పులిచ్చి, రాజ్యాన్ని ఋణభారంతో క్రుంగదీసి, చివరకు 1820వ దశకంలో తానే కుప్పకూలినది. బజారు అనగా కేవలం అమాయకమైన కొనుగోలు అమ్మకాల చోటు కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలును.

ఆ బజారు పట్ల నగర ప్రజలలో ఎంత ఆగ్రహం పేరుకొని ఉండెనో 1857లో బయటపడినది. ఆ సంవత్సరం జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు రెసిడెన్సీ మీదికి దండెత్తారు. పుత్లీబౌలి వైపున ఉన్న రెండు ఇండ్లను ఆక్రమించి, అక్కడి నుండి రాత్రంతా కాల్పులు జరిపారు. ఆ ఇండ్లలో ఒకటి అబ్బన్ సాహెబ్‌ది, రెండవది జయగోపాల్ దాస్ అనే సాహుకారుది. ఆ దాడి విఫలమైనది. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో కాల్చిచంపారు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాను దీవులకు పంపారు. నేడు కోఠీ బస్సు స్టాపు వద్ద ఆ వీరుల స్మారక చిహ్నం ఉన్నది. నిత్యం వేలమంది దాని ప్రక్కనుండి బస్సెక్కుతున్నారు. ఆగి చదివేవారెందరు?

పరాయి ప్రభుత్వపు నీడలో పెరిగిన ఆ బజారే తరువాతి కాలంలో మరొక పనికి కూడ ఉపయోగపడినది. ఇది చరిత్రలోని వింత. సాహుకారు ధనానికి రక్షణ ఇచ్చిన హద్దులే చదువరి మాటకు కూడ కొంత రక్షణ ఇచ్చినవి. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు మొదలైనవారి కృషితో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపితమైనది. ప్రథమంలో రంగారావు గారి ఇంటనే ఉండి, పిమ్మట సుల్తాన్ బజారులో సొంత భవనం సంపాదించుకొన్నది. తెలుగు పుస్తకం చదువదలచినవాడు బట్టల దుకాణాల మధ్యనుండి నడిచి అక్కడికి చేరేవాడు. బజారు, గ్రంథాలయం ఒకే వీధిని పంచుకొన్నవి.

ఆ సమీపంలోనే, వివేకవర్ధని ఆవరణలో, 1921 నవంబరు 12న నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగినది. మహర్షి కర్వే అధ్యక్షులు. ఇతర భాషలలో ఉపన్యాసాలు సాగినంతసేపు సభ నిశ్శబ్దంగా విన్నది. ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడ మొదలుపెట్టగానే కొందరు ఎగతాళి చేసి గోల చేశారు. తెలుగువారు అధిక సంఖ్యాకులుగా ఉన్న రాజ్యంలో తెలుగు మాటకు జరిగిన ఆ అవమానమే ఆంధ్ర జన సంఘం పుట్టుకకు కారణమైనది. ఇచ్చట ఒక సంగతి గమనించవలసి ఉన్నది. ఆనాడు ఎగతాళి చేసినది ప్రభుత్వాధికారులు కారు, తోటి విద్యావంతులు. పొరుగువాని భాషను చులకన చేసే అలవాటు పాలకుల సొత్తు మాత్రమే కాదు. ఉర్దూ వచ్చిన మనం తెలుగును, తెలుగు వచ్చిన మనం ఉర్దూను నేడు ఎట్లు చూస్తున్నామో ఆ సంఘటన వెలుగులో ఆలోచించుకొనుట మంచిది.

రెసిడెన్సీ బజార్లు 1933లో నిజాం ప్రభుత్వానికి తిరిగి దఖలుపడినవి. సుల్తాన్ బజారు అనే పేరు అప్పటిది. పాలన మారినను బజారు గుణం మారలేదు. మరాఠీ, గుజరాతీ, మార్వాడీ, ఉర్దూ, తెలుగు ఒకే దుకాణం గుమ్మంలో వినిపించేవి. బేరం కుదిరేది మాత్రం అందరికీ తెలిసిన దక్కనీ మాటలో.

ఇప్పుడు పత్రిక సంగతికి వత్తుము. పత్రికకు, బజారుకు ఉన్న సంబంధం పైకి కనబడేదానికంటే దగ్గరిది. పత్రిక వెలకు కాగితపు ఖర్చు కూడ రాదు. దానిని నడిపించేది దుకాణదారుల ప్రకటనలు. బజారుకు పత్రిక వలన ధరలు, కొత్త చట్టాలు, హర్తాళ్ల కబుర్లు తెలుస్తాయి. ఒక ప్రతిని ఒకరు కొంటే పదిమంది వినేవారు. ఇరానీ హోటలులో ఒక కప్పు చాయ్ వెలకు ఛాయతోపాటు పత్రిక కూడ చదివి రావచ్చును. ఉర్దూ పత్రికకు కాతిబులు ఉండేవారు. వారు ప్రతి అక్షరాన్ని కలముతో కాగితంపై దిద్ది వ్రాస్తే, దానిని శిలాముద్రణలో అచ్చు వేసేవారు. కనుక నాటి ఉర్దూ దినపత్రిక ప్రతి పుటా ఒక మనిషి చేతివ్రాతయే. ఈ చేతి సంగతి తరువాత మరల వచ్చును. పాఠకులు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

నిజాం రాజ్యంలో పత్రిక పెట్టడం తేలిక కాదు. ప్రభుత్వ అనుమతి కావాలి. ఇచ్చిన అనుమతిని ఎప్పుడైనను రద్దు చేయవచ్చును. అట్టి పరిస్థితిలో 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 'గోలకొండ పత్రిక' తెలుగులో వెలువడినది. తెలంగాణంలో కవులు లేరన్న మాటకు సమాధానంగా 354 మంది కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక'ను 1934లో ప్రకటించిన ఘనత దానిది. ఆ మరుసటి సంవత్సరమే, అనగా 1927లో, మందుముల నరసింగరావు 'రయ్యత్' అనే ఉర్దూ పత్రికను స్థాపించారు. రయ్యత్ అనగా ప్రజ, రైతు. తెలుగువాడొకడు ఉర్దూలో పత్రిక నడిపినాడేమని నేటివారు ఆశ్చర్యపడవచ్చును. ఆ కాలంలో అందులో ఆశ్చర్యం లేదు. కచేరీలో, న్యాయస్థానంలో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూయే ఉండేది. అధికారుల చెవికి రైతు మొర చేరవలెనంటే ఆ భాషలోనే వ్రాయాలి. నరసింగరావు గారు ప్రభుత్వానికి అర్థమయ్యే భాషలో ప్రజల బాధను వ్రాశారు. అందుచేతనే ఆ పత్రికపై నిషేధాలు పడినవి.

'రయ్యత్'లో పనిచేసిన యువకులలో షోయబుల్లాఖాన్ ఒకరు. ఉస్మానియా పట్టభద్రుడు. 'రయ్యత్' మూతపడిన పిదప, బూర్గుల రామకృష్ణారావు మొదలైన మిత్రుల తోడ్పాటుతో 1947 నవంబరు 15న 'ఇమ్రోజ్' ప్రారంభించారు. కాచీగూడలో బూర్గుల వారి ఇంటనే పత్రిక కార్యాలయం. సుల్తాన్ బజారు నుండి అది నడక దూరం. రాజ్యం భారతదేశంలో విలీనం కావలెనని, బాధ్యతాయుత ప్రభుత్వం రావలెనని, రజాకార్ల దౌర్జన్యాలు ఆగవలెనని ఆయన ఉర్దూలో వ్రాశారు. ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్ల చర్యలను తప్పుపట్టుతూ చేసిన ప్రకటన కూడ 1948 ఆగస్టులో 'ఇమ్రోజ్'లో వెలువడినది.

బెదిరింపులు వచ్చినవి. ఆయన కలం ఆగలేదు. 1948 ఆగస్టు 21 రాత్రి కార్యాలయం నుండి ఇంటికి వెళ్లుచుండగా కాచీగూడ ప్రాంతంలో ఆయనపై కాల్పులు జరిపి, వ్రాసిన చేతిని నరికివేశారు. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ కూడ తీవ్రంగా గాయపడినారు. 22వ తేదీ తెల్లవారుజామున షోయబుల్లాఖాన్ మరణించారు. అప్పటికి ఆయనకు 28 సంవత్సరాలు కూడ నిండలేదు. 'ఇమ్రోజ్' ఆయనతోనే ఆగిపోయినది. నెల తిరుగకముందే, సెప్టెంబరు 17న, హైదరాబాదు రాజ్యం భారత సేనలకు లొంగిపోయినది.

ఇంతవరకు చెప్పినది చాలమందికి తెలిసిన కథయే. మా ప్రశ్న ఇచ్చటినుండి ప్రారంభమగుచున్నది. ఈ కథను మనం ఎట్లు జ్ఞాపకముంచుకొన్నాము?

తెలుగులో షోయబుల్లాఖాన్‌ను గూర్చి వ్రాసేవారు ఆయన త్యాగాన్ని ఘనంగా కీర్తిస్తారు. అది న్యాయమే. కాని ఆయన వ్రాసిన వాక్యాన్ని ఒక్కదానినైనను చదివినవారు వారిలో అరుదు. ఉర్దూ లిపి రాదు గనుక ఆయన మరణం తెలియును, మాట తెలియదు. రచయితను గౌరవిస్తున్నామని చెప్పి ఆయన రచనను చదువకపోవడం ఎట్టి గౌరవం? ఇంకొక అన్యాయం కూడ జరుగుచున్నది. ఆయన ఉర్దూలో వ్రాసిన ముస్లిం పత్రికారచయిత అన్న విషయం ఒక వింతగా, మినహాయింపుగా మాత్రమే చెప్పబడుచున్నది. నిజానికి ఆయన ఒంటరి కాదు. ఆ ప్రకటనపై సంతకం చేసిన ఏడుగురు ఉన్నారు. ఖాజీ అబ్దుల్ గఫార్ సంపాదకత్వంలో నడిచిన 'పయాం' వంటి అభ్యుదయ పత్రిక ఉన్నది. మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవి, పోరాటయోధుడు ఉన్నాడు. ఇది ఒక సంప్రదాయం. ఉర్దూ చదువనివానికి ఈ సంప్రదాయం కనబడదు.

ఉర్దూ వైపున మరొక మౌనం ఉన్నది. 1948 సెప్టెంబరు అనగానే అనేక ముస్లిం కుటుంబాలకు గుర్తుకు వచ్చేది విమోచనం కాదు, విలయం. సైనిక చర్య తరువాత జిల్లాలలో జరిగిన హింసలో 27,000 నుండి 40,000 మంది వరకు మరణించి ఉంటారని పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసినది. భారత ప్రభుత్వమే పంపిన ఆ కమిటీ నివేదిక 2013 వరకు ప్రజల చేతికి సులభంగా అందలేదు. అంత పెద్ద దుఃఖం ముందు ఒక పత్రికా సంపాదకుని హత్య చిన్నదిగా కనబడి ఉండవచ్చును. కారణమేదైనను, తమ భాషలో, తమ వీధిలో, తమ మనిషి న్యాయం కోసం ప్రాణమిచ్చిన సంగతిని ఉర్దూ గృహాలలో పిల్లలకు చెప్పడం తక్కువ.

ఈ రెండు మౌనాలూ ఒకదానినొకటి పోషించుకొంటున్నవి. తెలుగులో మాత్రమే చదివినవానికి కాచీగూడ హత్య తెలియును, జిల్లాలలోని హత్యలు తెలియవు. ఉర్దూ గృహంలో మాత్రమే విన్నవానికి జిల్లాల సంగతి తెలియును, కాచీగూడ సంగతి తెలియదు. ఇద్దరూ ఒకే సుల్తాన్ బజారులో, ఒకే దుకాణంలో బట్టలు కొంటారు. కాని వారి తలలలో రెండు వేర్వేరు నగరాలున్నవి. ఒక దుఃఖాన్ని చూపి రెండవదానిని కప్పిపుచ్చడం న్యాయం కాదు. రెండూ ఒకే పుస్తకంలో, ప్రక్కప్రక్క పుటలలో ఉండవలెను. అట్టి పుస్తకం వ్రాయగలవాడు రెండు లిపులూ చదువగలవాడే.

ఇందుకు ముగ్గురు మూడు విధాల ఆక్షేపణ చెప్పవచ్చును.

పాత గాయాలను మరల రేపుట ఎందుకని మొదటివారు అంటారు. ఈ మాట సదుద్దేశంతో చెప్పబడుచున్నదని మేము అంగీకరిస్తాము. కాని పైకి చెప్పని గాయం మానదు, వదంతిగా మారును. వదంతికి తేదీ ఉండదు, సాక్షి ఉండడు, అంకె ఉండదు. ఎన్నికల వేళ ఎవరికి కావలసినట్లు వారు దానిని పెంచుకొనవచ్చును. చరిత్రకు మాత్రం తేదీ, సాక్షి, అంకె ఉంటాయి. కనుక శాంతి కోరేవారికి మౌనం కంటే చరిత్రయే మేలైన ఆసరా.

ఉర్దూ ఒక మతంవారి భాష, తెలుగు మరొక మతంవారి భాష, వీటిని కలపడం అసహజమని రెండవవారు అంటారు. ఇది మన నగరాన్ని ఎరుగనివారి మాట. మహారాజా కిషన్ ప్రసాద్ 'షాద్' ఉర్దూలో కవిత్వం వ్రాశారు. దాశరథి గాలిబును తెలుగు పాఠకులకు పరిచయం చేశారు. ఆదిలాబాదు జిల్లాకు చెందిన సామల సదాశివ ఉర్దూ సాహిత్యాన్ని గూర్చి తెలుగులో తీయగా వ్రాసి తెలుగువారిని మురిపించారు. పిఠాపురం ఉమర్ ఆలీషా తెలుగు పద్యకవిగా ప్రసిద్ధుడు. పల్లెలలో తెలుగుతోనే జీవితం గడుపుకొనే ముస్లింలు లక్షలమంది ఉన్నారు. సురవరం ప్రతాపరెడ్డి సంస్కృతంతోపాటు ఉర్దూ, ఫారసీ ఎరిగినవారు. రాజుల యుద్ధాలను వదలి ప్రజల తిండి, బట్ట, ఆట, ఆచారం మీద దృష్టి నిలిపిన ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1955లో తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమతి పొందినది. బజారు చరిత్ర వ్రాయగోరేవారికి అంతకంటే మంచి గురువు లేడు.

ఇక బజారునే అడుగుదాము. దుకాణం, జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, కిరాయి, నమూనా, ఈ మాటలు లేకుండా తెలుగు వర్తకుడు ఒక్క పూట వ్యాపారం చేయగలడా? ఇవన్నీ ఫారసీ, అరబ్బీల నుండి వచ్చి తెలుగింట స్థిరపడినవి. 'కబురు' అన్న మాట కూడ 'ఖబర్' రూపమే. ఊరి నుండి కబురు వచ్చినదని పల్లెటూరి ముసలమ్మ అన్నప్పుడు ఆమె తనకు తెలియకుండానే పత్రికల భాష మాట్లాడుచున్నది. అట్లే దక్కనీ ఉర్దూలోని 'నక్కో' మరాఠీ నుండి వచ్చినది. పండితులు గోడలు కట్టుకొన్నను బజారు గోడలు కట్టుకొనలేదు.

ఉద్యోగాలకు పనికివచ్చే చదువు వదలి ఈ పాత కాగితాల పని ఎందుకని మూడవవారు అంటారు. వారిలో తల్లిదండ్రులు ఎక్కువ, వారి ఆందోళన న్యాయమైనది. మేము ఎవరినీ చదువు మానుమని చెప్పుట లేదు. రెండు లిపులు వచ్చినవానికి అనువాదంలో, పత్రికలలో, న్యాయస్థానాలలో, ప్రభుత్వ కార్యాలయాలలో పని ఉన్నది. తెలంగాణలో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా గుర్తించే చట్టం 2017లో శాసనసభ ఆమోదం పొందినది. కాని చట్టం బోర్డు మీద అక్షరాలు వ్రాయించగలదు గాని, ఆ అక్షరాలు చదివే కన్నులను ఇవ్వలేదు. అది ఇండ్లలో, పాఠశాలలలో, మన వంటి కళాశాలలలో జరుగవలసిన పని.

ఈ పనికి వ్యవధి ఎక్కువ లేదని కూడ చెప్పవలసి ఉన్నది. మెట్రో రైలు మార్గం వేయునప్పుడు తమ దుకాణాలు పోవునని సుల్తాన్ బజారు వర్తకులు ఏండ్ల తరబడి ఆందోళన చేశారు. 2020 ఫిబ్రవరి 7న ఆ మార్గం ప్రారంభమైనది. సుల్తాన్ బజారు పేరుతో ఒక స్టేషను వెలసినది. ప్రయాణ సౌకర్యం కలిగినది, కాదనము. ఐతే ఒక దుకాణం కూలినపుడు గోడలతోపాటు దాని పాత చిట్టాలు, బోర్డులు, మూడు తరాల జ్ఞాపకం కూడ కూలిపోతాయి. నష్టపరిహారపు లెక్కలో వాటికి పద్దు ఉండదు. రెసిడెన్సీ మేడకు మరమ్మతులు చేసి దర్బారు హాలును కాపాడుకొన్నాము, సంతోషం. మేడను కాపాడుటకు ఇంజనీరులు ఉన్నారు. బజారు మాటను కాపాడుటకు ఎవరున్నారు?

పత్రికల సంగతి కూడ అట్లే ఉన్నది. 'ఇమ్రోజ్' ఆగిన సంవత్సరానికి, 1949 ఆగస్టు 15న, ఆబిద్ అలీఖాన్, మహబూబ్ హుస్సేన్ జిగర్ 'సియాసత్' దినపత్రికను ప్రారంభించారు. దిక్కుతోచక ఉన్న ఉర్దూ సమాజానికి ఆ పత్రిక వార్తలతోపాటు ధైర్యాన్ని కూడ అందించినది. అట్టి పత్రికల పాత సంచికలలో సినిమా ప్రకటనలున్నవి, రంజాను అమ్మకాల ప్రకటనలున్నవి, బియ్యం ధరలున్నవి, పోయిన పిల్లవాని కోసం తండ్రి ఇచ్చిన ప్రకటన ఉన్నది. ఏ చరిత్ర గ్రంథంలోనూ దొరకని నగరం వాటిలో ఉన్నది. పాత కాగితం విరిగిపోవును. విరుగకముందు చదువవలెను.

కనుక మా సూచన చిన్నది. దీనికి ప్రభుత్వ నిధులు అక్కరలేదు. ఏటా మన కళాశాల విద్యార్థులలో ఉర్దూ చదివినవారిని ఒకరిని, తెలుగు చదివినవారిని ఒకరిని జంటగా చేయవలెను. ఒక్కొక్క జంటకు ఒక్కొక్క వీధి. సుల్తాన్ బజారుతో మొదలుపెట్టవచ్చును. దుకాణం ఏ సంవత్సరంలో పెట్టినారు, తాతగారు ఏ ఊరి నుండి వచ్చినారు, చిట్టా ఏ భాషలో వ్రాసేవారు, బోర్డుపై ఏ ఏ లిపులు ఉండేవి, ఏ పత్రిక తెప్పించేవారు, ఎప్పుడు మానివేశారు, ఈ ఆరు ప్రశ్నలు చాలును. చెప్పినవారి అనుమతితో, చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనవలెను. రెండవ పని గ్రంథాలయంలో. ఒక తేదీని ఎన్నుకొని ఆ రోజు ఉర్దూ పత్రికను, తెలుగు పత్రికను ప్రక్కప్రక్కన పెట్టి చదివి, ఏది రెంటిలో ఉన్నది, ఏది ఒకదానిలోనే ఉన్నది వ్రాయవలెను. దొరికిన దానిని రెండు భాషలలోను ఈ సంచికలో నాలుగు పుటలకు మించకుండా ప్రచురించవలెను. పదేండ్లకు నలుబది పుటలు. చిన్న పుస్తకమే. కాని అట్టి పుస్తకం నగరంలో మరొకరి వద్ద ఉండదు.

ఈ పని పెద్ద విశ్వవిద్యాలయాలు చేయవచ్చును గదా అని అడుగవచ్చును. చేసినచో మంచిదే. ఐతే అక్కడ ఉర్దూ శాఖ ఒక అంతస్తులో, తెలుగు శాఖ మరొక అంతస్తులో ఉంటాయి. మన వద్ద రెండు భాషలవారు ఒకే బెంచీపై కూర్చుంటారు. మన సంచికనే చూడండి. ఉర్దూ పుటలు కుడివైపు నుండి, తెలుగు పుటలు ఎడమవైపు నుండి ప్రారంభమై నడుమ కలుసుకొంటాయి. ఐతే ఆ నడిమి పుట వద్దకు వచ్చి, ఆగి, వెనుకకు తిరిగిపోయే పాఠకులే మనలో ఎక్కువ. ఆ పుట దాటి అవతలికి పోయే పాఠకులను తయారుచేయుటయే మైనారిటీ కళాశాల పేరుకు తగిన పని అని మా నమ్మకం. అల్పసంఖ్యాక వర్గపు విద్యాసంస్థ అనగా తమవారిని తమలోనే ఉంచుకొనే ఆవరణ కాదు. తన భాషను గౌరవంగా నిలుపుకొని, పొరుగు భాషను ప్రేమతో నేర్చుకొనే చోటు.

'ఇమ్రోజ్' అన్న ఫారసీ మాటకు 'నేడు' అని అర్థం. రేపు చేద్దామని వదలిపెట్టిన పనులలో బజారు ముసలివారి మాటలు వినడం, పాత పత్రిక చదవడం ముందువరుసలో ఉన్నవి. ఆ సంపాదకుని చేతిని నరికినవారు ఆయన వ్రాసినది చదువబడకూడదని కోరుకొన్నారు. ఆ లిపి నేర్చుకొనక, ఆ పుటలు తెరువక ఉన్నంతకాలం మనం కూడ వారి కోరికనే నెరవేర్చుచున్నాము. వచ్చే సంచిక నాటికి కనీసం ఒక్క వీధి చరిత్ర, రెండు లిపులలో, విద్యార్థుల పేర్లతో ఈ పుటలలో వెలువడగలదని ఆశిస్తున్నాము.